పసుపు లైటుకి ఆరు దెబ్బలు

నేను సివిక్స్ చెప్పే మనిషిని. పౌరుడి హక్కులు, బాధ్యతలు అనే పాఠాన్ని ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఏటా మొదలుపెట్టి ఏటా ముగిస్తున్నాను. అర్జీ ఎలా రాయాలన్నది కూడా అందులోనే వస్తుంది. కాబట్టి నాకు చలాన్ వచ్చినప్పుడు కట్టేసి ఊరుకోవడం అనేది నా స్వభావానికి గానీ, ఉద్యోగానికి గానీ పడదు.

పుట్టింది సిరిసిల్లలో, మెట్టింది కోరుట్లలో, ఇల్లు కట్టుకుంది జగిత్యాలలో. ఆ రోజు కోరుట్లలో అత్తగారింటికి పోయి స్కూటీ మీద తిరిగి వస్తున్నాను. మా ఇంటి దగ్గరి చౌరస్తాలో సిగ్నల్ లైట్లు పెట్టి ఏడాది అయింది. వాటికి కెమెరా తగిలించి నెల కాలేదు. పచ్చ లైటు చూసుకుంటూనే దగ్గరికి వచ్చాను. పసుపు పడింది. ఆగాలా పోవాలా అని అనుకునేలోపే ఎర్రది పడింది. అప్పటికి నేను చౌరస్తా నడుమ ఉన్నాను.

మూడో రోజు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఫోటో తెరిస్తే నేనే, వెనక నుంచి. కొంగు నడుముకు దోపుకుని, హ్యాండిల్‌కి తగిలించిన సంచిలోంచి అత్తగారిచ్చిన కరివేపాకు బయటికి వేలాడుతూ. నా వీపు ఇంత వెడల్పు ఉంటుందని అంతవరకు నాకెవరూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే జరిమానా కన్నా ఆ వీపే ఎక్కువ కోపం తెప్పించింది.

స్టాఫ్ రూములో చూపిస్తే అందరి ఫోన్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. "ఇప్పుడే కట్టకు మేడం, ఆగితె డిస్కౌంట్ ఇస్తరు" అన్నాడు ఎకనామిక్స్ సార్. అది విని నాకు ఒళ్లు మండింది. తప్పయితే తగ్గింపు ఎందుకు? తగ్గింపు ఉందంటే అది తప్పు కాదు, సరుకు. ఆ రోజే అర్జీ రాయాలని నిర్ణయించుకున్నాను.

ఇక్కడ మా అన్న గురించి చెప్పాలి. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. సిరిసిల్లలో ముప్పై అయిదేళ్లు సాంచాలు నడిపాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. ఒక్క షెడ్డులో ఇరవై, ముప్పై సాంచాలు ఒకేసారి కొట్టుకుంటుంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకని లోపల అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అరచేయి నిలబెడితే ఆపు. పిడికిలి బిగించి పక్కకు తోస్తే నడిపించు. రెండు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగింది. చిన్నప్పుడు నాన్నకు సద్ది తీసుకుపోయి ఈ సైగలు నేనూ నేర్చుకున్నాను. మా ఇంట్లో మాటల కన్నా ముందు ఇవే వచ్చాయని అమ్మ అంటుండేది.

ఆ షెడ్డులు అన్న చెవుల్ని తినేశాయి. ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. వెనక నుంచి బస్సు హారన్ కొట్టినా తెలియదు. డాక్టర్ ఇచ్చిన చెవి మిషన్ పెట్టుకుంటే ఊరంతా ఒక్కసారే అరుస్తున్నట్టుందని డబ్బాలో పెట్టేశాడు. పని తగ్గి షెడ్డు మూతపడ్డాక కొన్నాళ్లు ఇంట్లో కూర్చున్నాడు. తర్వాత నేనే జగిత్యాలకు రప్పించి మా వాడకట్టులోనే రెండు గదులు చూసిపెట్టాను. వదిన బీడీలు చేస్తుంది. అన్న ఒక పాత మోపెడ్ కొనుక్కుని సిరిసిల్ల తువ్వాళ్లు, లుంగీలు మూటగట్టి పెగడపల్లి వైపు ఒక రోజు, బీర్పూర్ వైపు ఒక రోజు, ముత్యంపేట దాకా ఒక రోజు పోయి అమ్ముతాడు. ఏ ఊరికి పోవాలన్నా మొదట మా చౌరస్తాలో కుడికి తిరగాలి.

బండి కొన్నప్పుడు రోడ్డు మీద ఎట్లా నడపాలో నేనే నేర్పాను. చెవులు లేని మనిషి కాబట్టి గట్టిగానే నేర్పాను. "ఎర్రదానికి ఆగాలె. పసుపుకు గూడ ఆగాలె. పచ్చ అచ్చేదాక కాలు గూడ ఎత్తొద్దు" అని కాగితం మీద మూడు రంగులు వేసి చూపించాను. అన్నకు ఆ లైట్లు తెగ నచ్చాయి. కానిస్టేబుల్ విజిల్ వేస్తే తనకు వినపడదు, పక్కవాడు హారన్ కొడితే వినపడదు. లైటు మాత్రం తనతో సూటిగా మాట్లాడుతుంది అనేవాడు. మొత్తం రోడ్డు మీద చెవులతో పని లేని చోటు అదొక్కటే.

అర్జీకి ఆధారం కావాలి కదా. పసుపు లైటు ఎంతసేపు ఉంటుందో కొలవడానికి ఒక ఆదివారం పొద్దున చౌరస్తా మూలన ఉన్న టీ హోటల్ ముందు నిలబడ్డాను. అన్నను కూడా తీసుకుపోయాను. నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కుతుంటే అన్న కాలితో నేల మీద తాళం వేస్తూ లెక్కపెట్టాడు. సాంచా సెకనుకు రెండు దెబ్బలు కొడుతుందట. ఆ లెక్క తన కాల్లో ఇంకా అట్లాగే ఉంది. పసుపు పడ్డ ప్రతిసారీ ఆరు దెబ్బలు. నా ఫోన్‌లో ప్రతిసారీ మూడు సెకన్లు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. హోటల్ ఆయన ఇద్దరికీ చాయ్ ఇస్తూ, "ఏంది మేడం, అన్నాచెల్లెండ్లు డాన్స్ నేర్సుకుంటున్నరా?" అన్నాడు.

"ఆరు దెబ్బలల్ల ఏమైతది? పోగు తెగింది చూసి చెయ్యి పెట్టెటాల్లకే అయిపోతయి. తక్కువ ఉన్నది చెల్లె, రాయి" అన్నాడు అన్న. చెవిటివాళ్లు గట్టిగా మాట్లాడతారు. ఆ మాట రోడ్డు అవతలి దాకా వినపడింది.

"గది పైసల కోసమే పెట్టిండ్రన్నా" అన్నాను ఎదురుగా నిలబడి.

"పెట్టనీ. అయితేంది? మా షెడ్డు ఆసామి మేం నేసిన బట్టనంత బల్ల మీద పరిచి చూస్తుండె. పోగులు తప్పినకాడ సుద్దముక్కతోని గీత గీసి కూలి కోస్తుండె. మా నోరుగొట్టి తింటున్నడని అందరం తిట్టినం. మల్ల ఇంకో షెడ్డుకు పోయిన. ఆడ ఎవ్వలు చూడరు, ఎవ్వలు కొయ్యరు. మంచిగున్నదనుకున్న. ఆర్నెల్లకు నేను గూడ చూసుడు బంద్ చేసిన. నా బట్ట నాకే సిగ్గనిపించింది."

నేను ఊరుకునే రకం కాదు. "మరి మీ ఆసామి షెడ్డుల బల్బులు గంత మసక ఎందుకుండె? మంచి బల్బు పెడితె పోగులు తప్పకపోతుండె. నీ కూలి కొయ్యడానికి ఆయనకు వీలు లేకపోతుండె."

అన్న తలూపాడు. "గది గూడ నిజమే. అయితె బల్బు మార్చుమని రాయి. చూసుడు బంద్ చెయ్యమని రాయకు."

అర్జీ బాగా వచ్చింది. నా చేతిరాత కూడా బాగుంటుంది. పసుపు లైటు సమయం చాలడం లేదని, ఆగాల్సిన గీత చెరిగిపోయి కనపడడం లేదని, మనుషులు నిజంగా పడి దెబ్బలు తగిలించుకునే మలుపుల దగ్గర కెమెరాలు లేవని, జనం తేలిగ్గా దొరికేచోటే పెట్టారని రాశాను. పసుపును పెంచాలని, గీత మళ్లీ వేయాలని అడిగాను. చివర ఒక వాక్యం చేర్చాను: "పై సవరణలు చేయలేని పక్షంలో కెమెరాను తొలగించవలసిందిగా మనవి." ఆ వాక్యంతో నాకు అవసరం లేదు. అర్జీ ముగింపు బిగువుగా ఉండాలని రాశాను, అంతే. పిల్లలకూ అట్లాగే చెప్తాను.

అన్నకు ఆ కాగితం చూపించలేదు. దాచిపెట్టాలనేం కాదు. చూపించాలని తోచలేదు.

మొదటి సంతకం నాది. కిరాణా కొట్టువాళ్లు, ఆటోవాళ్లు, మా స్టాఫ్, మార్కెట్‌కు కూరగాయలు తెచ్చిన రైతులు, ఎవరిని అడిగితే వాళ్లు పెన్ను లాక్కుని సంతకం పెట్టారు. పేపర్లో జిల్లా పేజీలో నా ఫోటో కూడా వచ్చింది, ఈసారి ముందు నుంచి. ఆ కటింగ్ ఇప్పటికీ బీరువాలో ఉంది.

నెలన్నరకు కెమెరా తీసేశారు. నా అర్జీలో ఆఖరి వాక్యం ఒక్కటే అమలైంది. పసుపు పెంచలేదు, గీత వేయలేదు. కెమెరా చూసుకునే కాంట్రాక్టరే లైట్లు కూడా చూసుకునేవాడని అప్పుడు తెలిసింది. అతను పోతూ పోతూ లైట్లను నడిపే తన డబ్బా కూడా తీసుకుపోయాడు. ఎర్రది, పచ్చది ఆరిపోయాయి. పసుపు ఒక్కటే పొద్దస్తమానం ఆరుతూ వెలుగుతూ ఉండిపోయింది. చూసుకుని పొమ్మని దాని అర్థం. హోటల్ ఆయన నా దగ్గర చాయ్ డబ్బులు తీసుకోలేదు. క్లాసులో ఆ ఏడాది పాఠానికి ఉదాహరణ నేనే. గర్వపడలేదంటే అబద్ధం.

అప్పుడు అన్న ఊళ్లో లేడు. బంధువుల పెళ్లి ఉందని, అట్లాగే సరుకు కూడా తెచ్చుకుంటానని సిరిసిల్ల పోయి పది రోజులు ఉన్నాడు.

ఆయన తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున నేను కాలేజీకి పోతున్నాను. ఆలస్యమైంది. చౌరస్తా దగ్గర బండ్లన్నీ ఆగి ఉన్నాయి. నా ముందు ఆటో, దాని ముందు ఇసుక టిప్పర్, దాని ముందు ఎవరో కదలడం లేదు. అందరూ హారన్లు కొడుతున్నారు. నేనూ కొట్టాను. ఒకటి రెండుసార్లు కాదు, బొటనవేలు తీయకుండా కొట్టాను. "ఎవడాడు, రోడ్డు కొనుక్కున్నడా" అని పైకే తిట్టాను. ఆటో అతను వెనక్కి చూసి నవ్వాడు.

టిప్పర్ అతనికి ఓపిక పోయి, పక్కకు కోసుకుని ముందుకు పోయాడు. అడ్డం తొలగింది. చౌరస్తా మొదట్లో ఒక మోపెడ్, దాని వెనక మూట. ఆ మూటకు తొడిగిన గలీబు నాకు తెలుసు. నా పాత దుప్పటి చింపి నేనే కుట్టాను. టిప్పర్ వెనక టైరు అన్న కాలికి జానెడు దూరంలోంచి పోయింది. అన్న అటు తిరిగి కూడా చూడలేదు. రెండు కాళ్లూ నేల మీద ఆనించి, మెడ ఎత్తి లైటునే చూస్తున్నాడు.

స్కూటీ అక్కడే వదిలి పరుగెత్తాను. సాంచా మీద ఉన్నవాళ్లను వెనక నుంచి ముట్టుకోకూడదు, చెయ్యి అదిరి మగ్గంలో పడుతుంది. ఆ అలవాటుతో చుట్టు తిరిగి ముందుకు వెళ్లి నిలబడ్డాను. నన్ను చూసి అన్న ముఖం విప్పారింది. రెండు వేళ్లు కలిపి విడదీశాడు. పోగు తెగింది.

"పసుపు పోతలేదు చెల్లె. ఎర్రది రాలె, పచ్చది రాలె. ఆరు దెబ్బలు ఎప్పుడో అయిపోయినయి. నేను అర్ధగంట సంది లెక్కపెడుతున్న" అన్నాడు, చౌరస్తా మొత్తానికి వినపడేలా.

వెనక హారన్లు ఆగలేదు. అవి తన కోసమేనని ఆయనకు తెలియదు. వాటిలో నాది కూడా ఉందని నాకు తెలుసు. ఇన్నేళ్లలో నేను అంత సిగ్గుపడింది లేదు. పిడికిలి బిగించి పక్కకు తోశాను. నడిపించు. అన్న వెంటనే బండి కదిలించి కుడికి తిరిగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం జరిగినదంతా చెప్పాను. అర్జీ నకలు కూడా ముందు పెట్టాను. అన్న కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివి, ఆఖరి వాక్యం మీద వేలు పెట్టాడు. తిట్టలేదు. "మంచిగ రాసినవు" అన్నాడు. తర్వాత అన్నాడు, "మరి ఇప్పుడు పొమ్మని నాకెవలు చెప్తరు?"

అటు ఇటు చూసుకుని పోవచ్చు కదా అన్నాను. ఒకవైపు చూస్తుంటే ఇంకోవైపు వచ్చేది తనకు వినపడదన్నాడు. అందరికీ ఒక కన్ను రోడ్డు మీద ఉంటే ఇంకో కన్ను చెవిలో ఉంటుందట, తనకు లేదు. గల్లీల్లోంచి పోదామంటే అన్ని గల్లీలూ బస్టాండ్ దగ్గరే తేలుతాయి, అది ఇంకా ఘోరం. వచ్చేటప్పుడు ఎడమకు తిరగడమే కాబట్టి ఇబ్బంది లేదు. పోవడమే పోలేడు. చివరికి నేను నోరు జారాను. "ఇంక చాలన్నా, ఇంట్ల కూసో. ఏం తక్కువైనా నేను చూసుకుంట" అన్నాను.

అన్నకు కోపం రావడం నేను అరుదుగా చూశాను. "షెడ్డు బందైనప్పుడు కూసున్న గద? కూసుంటె చెవులల్ల సాంచాలు నడుస్తయి చెల్లె. పొద్దుందాక, రాత్రందాక. బండి మీద తిరిగితెనే ఆగుతయి. నన్ను కూసోమనకు" అన్నాడు. వదిన బీడీల చాట పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

రెండో అర్జీ రాశాను. లైట్లు మళ్లీ పెట్టాలని, దానికోసం కెమెరా అవసరమైతే కెమెరా కూడా పెట్టాలని. చివర బిగువు వాక్యం ఏదీ రాయలేదు. సంతకాల కోసం తిరిగితే కిరాణా కొట్టాయన పెన్ను వెనక్కి ఇచ్చేశాడు. "ఏంది మేడం, మల్ల చలాన్లు రప్పిస్తవా? మొన్ననే గద తీపిచ్చినవు" అన్నాడు. ఆయన తప్పేం లేదు. రెండు నెలల కింద నేనైనా అదే అనేదాన్ని. చివరికి ముగ్గురం మిగిలాం: నేను, అన్న, టీ హోటల్ ఆయన.

అర్జీలు తీసుకునే ఆఫీసులో ఆ సీటు చూసే సార్ మర్యాదగా కూర్చోబెట్టాడు. ఫైలు తీసి మొదటి అర్జీని, రెండోదాన్ని పక్కపక్కన పెట్టాడు. రెండూ ఒకే చేతిరాత. "గీ రెండిట్ల ఏది మీది మేడం?" అన్నాడు.

"రెండూ నావే సార్. రెండిట్లో రాసింది నిజమే."

"గట్లంటె ఎట్ల మేడం? తీసెయ్యమన్నరు, తీసేసినం. మల్ల పెట్టాల్నంటె పైనుంచి రావాలె. చూద్దాం" అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే చూస్తాడనిపించింది. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున ఏడున్నరకు నేను చౌరస్తా మూలన నిలబడతాను. అన్న వచ్చి నాకు ఎదురుగా బండి ఆపుతాడు. నేను నాలుగు వైపులా చూసి, విని, ఖాళీ దొరికేదాకా అరచేయి నిలబెట్టి ఉంచుతాను. దొరకగానే పిడికిలి తోస్తాను. ఆయన వెళ్లిపోతాడు. ఐదు నిమిషాల పని. మా స్టూడెంట్లు కొందరు అటుగా పోతూ నవ్వుకుంటారు. "మేడం ట్రాఫిక్ డ్యూటీ" అనడం ఒకసారి నా చెవిన పడింది. క్లాసులో మాత్రం ఆ ఉదాహరణ ఇప్పుడు చెప్పడం లేదు.

పోయిన నెల పరీక్షల డ్యూటీ కోరుట్లలో పడింది. ఆరున్నర బస్సుకే పోవాలి. ముందురోజే అన్నకు కాగితం మీద రాసి ఇచ్చాను: రేపు నేను ఉండను, బయటికి పోవద్దు, మరీ పోవాలంటే హోటల్ ఆయన దాటిస్తాడు. అన్న చదివి తలూపాడు. హోటల్ ఆయనకూ చెప్పాను. ఆయనకు రెండు సైగలూ నేర్పించాను. ఒకటికి రెండుసార్లు చేసి చూపించాడు కూడా.

మధ్యాహ్నం రెండున్నరకు బస్సు దిగి చౌరస్తాకు వచ్చేసరికి మూసి ఉన్న ఒక షాపు మెట్ల నీడలో అన్న కూర్చుని ఉన్నాడు. పక్కన బండి, బండి మీద మూట కట్టింది కట్టినట్టే ఉంది. హోటల్ ఆయన నన్ను చూడగానే చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"పొద్దటి సంది గాడనే ఉన్నడు మేడం. నాలుగుసార్లు రోడ్డు ఆపిన. పొమ్మని మీరు చెప్పినట్టే చెయ్యి తోసిన. కదలడు. బువ్వకు గూడ పోలె. ఏంది మరి అంటె, మా చెల్లె రాలె అంటడు."

నాకు ముందు కోపమే వచ్చింది. ఎదురుగా వెళ్లి నిలబడి, "రాసిచ్చిన గదన్నా! ఆయన చెప్తె పోవద్దా? పొద్దంత పోయె గద" అని అరిచాను. వినపడని మనిషి మీద అరవడం నాకు అలవాటే.

అన్న నా పెదవులు చూశాడు. లేచి లుంగీ దులుపుకున్నాడు. "నువ్వే గద నేర్పినవు. పచ్చ అచ్చేదాక కాలు గూడ ఎత్తొద్దని" అన్నాడు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. నేర్పింది గుర్తుంచుకున్నాను చూశావా అన్నట్టు అన్నాడు.

ఆ వేళకు ఏ ఊళ్లోనూ తువ్వాళ్లు కొనేవాళ్లు ఉండరు. ఇంటికి పోదామని చెప్పవచ్చు. కానీ ఆయన అప్పటికే బండి ఎక్కి, చౌరస్తా మొదట్లో ఆపి, నా వైపు చూస్తున్నాడు. హ్యాండ్‌బ్యాగ్ హోటల్ ఆయన చేతిలో పెట్టి రోడ్డు నడుమకు వెళ్లాను. అటు బస్సు, ఇటు రెండు ఆటోలు, ఒక కారు. అరచేయి నిలబెట్టాను. బస్సు ఆగింది. ఆటోలు ఆగాయి. కారులో ఉన్నాయన ఆగి, హారన్ మీద చెయ్యి వేసి తీయలేదు.

నేను పిడికిలి పక్కకు తోశాను. అన్న కుడికి తిరిగి, దుప్పటి గలీబు మూటతో సహా నా పక్కనుంచి నెమ్మదిగా వెళ్లిపోయాడు. కారాయన హారన్ ఆపలేదు. అద్దం దించి నన్ను ఏదో తిట్టాడు. ఏం తిట్టి ఉంటాడో వినకుండానే నాకు తెలుసు.